ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదు

పోయిన నెల మా మేనకోడలు నన్ను కోరుకొండ తీసుకువెళ్ళింది. కొండెక్కి స్వామిని చూసి దిగేసరికి మోకాళ్ళు రెండూ నామీద అలిగి కూర్చున్నాయి. తిరిగి రాజమండ్రి వస్తూంటే దారిలో కొత్తగా పెట్టిన ఓ హోటల్ ముందు కారాపి, ఇక్కడ ఒక స్పెషల్ ఉందత్తయ్యా, తినాల్సిందే అంది. సరే కదా అని కూర్చున్నాను. కాసేపటికి ఓ పెద్ద పళ్ళెంలో మట్టి ముంత, పక్కన ఉల్లిపాయ ముక్కలు, వేయించిన చల్లమిరపకాయలు, అలంకారానికి ఓ దబ్బాకు వచ్చాయి. ముంతలోకి తొంగి చూస్తే చద్దన్నం! ధర చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. బిరియానీకి ఇంచుమించు సమానంగా ఉంది. కడుపుకి చాలా మంచిదట, డాక్టర్లే తినమంటున్నారట, పొద్దున్నే వస్తే గానీ దొరకదట. మా పిల్ల చెప్పుకుపోతోంది, నేను ఆపుకోలేక నవ్వుతున్నాను. ఎందుకు నవ్వుతున్నానో అక్కడ చెప్పాలంటే ముంత ముందు పెట్టుకుని పూట గడిచిపోయేది. మీకైతే తీరిగ్గా చెప్పొచ్చు. నా ఈడువాళ్ళలో చద్దన్నం పులిసే తరవాణి కుండ వాసన ఎరగనివాళ్ళు తక్కువ.

నాకు మొదటి ఉద్యోగం కాకినాడలో, ఒక ప్రభుత్వ ఆఫీసులో వచ్చింది. డిగ్రీ అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక టైపు నేర్చుకుని, పరీక్ష రాసి, ఆర్డరు చేతికొచ్చేదాకా ఎవరికీ పెద్దగా నమ్మకం లేదు. వచ్చాక మాత్రం ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మాది కోనసీమలో వరి, కొబ్బరి ఉన్న కుటుంబం. మా నాన్నగారు చెడ్డవారు కాదు, మూర్ఖులూ కాదు. కానీ ఇంట్లో పాడీ పంటా ఉండగా పెళ్ళికాని పిల్ల గోదావరి రేవు దాటి వెళ్ళి, ఒక్కతీ గది తీసుకుని, ఎవరో సంతకం పెట్టిస్తే జీతం తెచ్చుకోవడమేంటన్నది ఆయనకు కొరుకుడు పడలేదు. నేను అన్నం మానలేదు, ఏడవలేదు. వెళ్తానని రోజూ పొద్దున్నే ఓసారి, సాయంత్రం ఓసారి చెప్పానంతే. చివరికి ఆయనే విసిగిపోయి ఒక షరతు పెట్టారు. వెళ్ళు, నీ కాళ్ళమీద నిలబడతానంటున్నావుగా, నిలబడు. ఏ రోజైతే చేతిలో డబ్బు ఆడక ఇంటికి కబురు పెడతావో, ఆ రోజు పెట్టె సర్దుకుని వచ్చెయ్యాలి, మళ్ళీ ఉద్యోగం మాటెత్తకూడదు అన్నారు. నేను మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. నెల తిరిగితే జీతం వచ్చేదానికి కబురెందుకు పెడతానని నా ధీమా.

మా అమ్మ ఆ షరతులోంచి బియ్యాన్ని మినహాయించింది. మా వైపు బియ్యం కొనుక్కు తినడమంటే ఏదో అప్రదిష్ట. అందుకని నాతోపాటు ఓ బస్తా బియ్యం, జాడీడు ఆవకాయ కాకినాడ బస్సెక్కాయి. నాన్నగారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

జగన్నాథపురంలో ఓ పెంకుటింటి వెనక గది అద్దెకు దొరికింది. ఇంటివాళ్ళు పెద్దవాళ్ళిద్దరే. ఆవిణ్ణి పిన్నిగారని, ఆయన్ని బాబాయిగారని పిలిచేదాన్ని. ఆయన పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. పెరట్లో బావి, బావి పక్కన దబ్బచెట్టు. నా గదిలో మంచం, వత్తుల స్టవ్, నాలుగు గిన్నెలు, నేను.

నెల తిరిగింది, జీతం మాత్రం రాలేదు. కొత్తగా చేరినవాళ్ళ కాగితాలు హైదరాబాదు వెళ్ళి రావాలట, వచ్చాక మొత్తం కలిపి ఇస్తారట. అది మా ఆఫీసులో మామూలే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. తెలియక ఖర్చుపెట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. చేరిన కొత్తలో కాఫీపొడి, పాలవాడి ఖాతా, వారపత్రిక, ఆదివారం సినిమా, రానూపోనూ రిక్షా అంటూ మహారాణిలా బతికాను. కాగితాల సంగతి తెలిసిన సాయంత్రం గదికొచ్చి, పర్సు మంచంమీద బోర్లించి చూసుకున్నాను. అద్దె ముందుగానే కట్టి ఉండటం ఒక్కటే అదృష్టం. ఇంటికి ఓ కార్డుముక్క రాస్తే చాలు, మూడో రోజుకి మనియార్డరు వస్తుంది. నాలుగో రోజుకి నాన్నగారూ వస్తారు, పెట్టె సర్దించడానికి. నేను కార్డు కొనలేదు. బియ్యమున్నాయి, ఆవకాయ ఉంది, చస్తానా అనుకున్నాను.

మర్నాటి నుంచి ఒక్కొక్కటే కోసెయ్యడం మొదలుపెట్టాను. మొదట రిక్షా పోయింది. వంతెన దాటి ఆఫీసుకి నడక. ఉప్పుటేరు గాలి, ఎండుచేపల వాసన, ఎదురెండ. పొద్దున నడక ఒంటికి మంచిదని ఆఫీసులో అందరికీ ఉపన్యాసం కూడా ఇచ్చాను. తర్వాత వారపత్రిక, సినిమా. అవి మానడం కష్టమనిపించలేదు. పాలు, కాఫీ మానడం మాత్రం, అబద్ధమెందుకు, నరకం. మా ఊళ్ళో పొద్దున్నే కాఫీ పడకపోతే మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. ఆ వారమంతా తలపోటుతో టైపు కొడుతూ, ఒకే కాగితం మళ్ళీ మళ్ళీ పాడుచేశాను. అప్పుడే ఉప్పాడ నుంచి చీరలాయన మూట పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. ఆడవాళ్ళందరూ వాయిదాల మీద తలా ఒకటి తీసుకున్నారు. నా కళ్ళముందు చిలకాకుపచ్చకి మామిడిపండు రంగు అంచున్న చీరొకటి పరిచారు. నాకా రంగులు నప్పవని చెప్పి టైపు మిషను దగ్గరికెళ్ళిపోయాను. ఇప్పటికీ ఆ అంచు నాకు కనపడుతూనే ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కిరసనాయిలు. నాకక్కడ రేషను కార్డు లేదు, బయట దుకాణంలో వాళ్ళు చెప్పిందే ధర. బియ్యం బస్తా ఉన్నా పొయ్యి వెలగకపోతే ఏం లాభం? రెండు పూటలా వండటం మానేసి సాయంత్రం ఒక్కసారే వండాలని నిశ్చయించుకున్నాను. మరి పొద్దున? అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడున్నన్నాళ్ళూ మా వంటింటి మూల తరవాణి కుండ ఉండేది. బియ్యం కడిగిన నీళ్ళు, వార్చిన గంజి అందులో పోసి పులవనిచ్చేది. రాత్రి మిగిలిన అన్నం ఆ పుల్లనీళ్ళలో వేసి, ఉప్పూ దబ్బాకూ పడేస్తే తెల్లారేసరికి పిల్లలందరికీ చద్దన్నం సిద్ధం. ఆవిడ పోయాక, ఇంట్లో ఇడ్లీపాత్ర వచ్చాక కుండ పెరట్లోకి, పెరట్లోంచి పెంటమీదకి పోయింది. పొద్దున్నే తరవాణి తింటున్నామంటే నామోషీ అయిపోయింది. నేను సంతలో చిన్న కుండ కొన్నాను. ఆ కాలంలో నేను కొత్తగా కొన్న వస్తువు అదొక్కటే. గతిలేనమ్మకు గంజే పానకమని నన్ను నేనే వెక్కిరించుకుని గంజి వార్చాను. మిగతా గంజితో నూలుచీరలు పెళపెళలాడేలా పెట్టుకునేదాన్ని. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఏంటో నన్ను చూసి నేర్చుకోవచ్చు.

మొదటి రోజుల్లో కుండ మారాం చేసింది. ఓసారి కుళ్ళు వాసనొచ్చి పారబోశాను. తర్వాత దారిన పడింది. పొద్దున్నే ఆవకాయ ముక్క నంజుకుని ఆ చల్లటి అన్నం తింటే, రోహిణి కార్తె ఎండలో వంతెన దాటి వెళ్ళినా కళ్ళు తిరిగేవి కావు. కాఫీ తలపోటు కూడా మెల్లిగా పోయింది. ఇంక ఎన్నాళ్ళు జీతం రాకపోయినా నన్నెవరూ కదపలేరనుకున్నాను.

కానీ కరువుకి తట్టుకున్నదాన్ని మర్యాదకి తట్టుకోలేకపోయాను. మా జిల్లాల మర్యాద మీకు తెలిసిందే. పిన్నిగారు ఏ కూర వండినా ఓ చిన్న గిన్నెలో తెచ్చి నా కిటికీ గట్టుమీద పెట్టేవారు. పనసపొట్టు కూర, పులుసు, ఓరోజు బొబ్బట్టు. అడగకుండా వచ్చిందాన్ని వద్దనడం తప్పు, తినడం సుఖం. చిక్కంతా తిన్న తర్వాత. ఇరుగుపొరుగు ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని పాలతోపాటు తాగి పెరిగినవాళ్ళం. మనింట్లో వండింది ఏదైనా పెట్టాలి, లేకపోతే చిటికెడు పంచదారైనా వెయ్యాలి. నా దగ్గర కాఫీతోపాటే పంచదారా పోయింది. కూరలు వండటం మానేసి చాలా రోజులైంది. బియ్యం పోసి ఇద్దామా అంటే ఆయవారానికి వచ్చినవాళ్ళకి పోసినట్టుంటుంది. రేపేదో ఒకటి చేసి ఇద్దాంలే అని ఆ గిన్నె కడిగి మంచం కింద బోర్లించాను. మర్నాడు ఇంకోటి వచ్చింది, దాన్నీ బోర్లించాను. అలా మంచం కింద పిన్నిగారి వంటిల్లు చాలావరకు చేరిపోయింది.

ఓ సాయంత్రం గోడవతల పిన్నిగారి గొంతు వినపడింది. గట్టుమీది గిన్నెలు తెచ్చి తోమేది పనిమనిషే, అన్నీ ఏమైపోతున్నాయో తెలియట్లేదండీ, ఆవిణ్ణి రేపట్నుంచి మానిపించేస్తాను అంటున్నారు. నా పరువు కాపాడుకోవడానికి పాపం ఒకావిడ కూడు పోతోంది. పొద్దున్నే లేచి, ఉన్నదాంట్లో శుభ్రమైన గిన్నె తీసి, కుండలోంచి తరవాణి అన్నం వేసి, వాళ్ళ చెట్టు దబ్బాకే కోసి పైన పెట్టి, మిగతా గిన్నెలు దొంతరగా చేతిలో పట్టుకుని వెళ్ళాను. గిన్నెలన్నీ నా దగ్గరే ఉన్నాయి పిన్నిగారూ, ఖాళీగా ఎలా ఇవ్వాలో తెలియక ఉంచేశాను, ఇవాళ నా దగ్గర ఉన్నది ఇదే అని చెప్పేశాను. ఆవిడ దొంతర చూశారు, గిన్నెలోకి చూశారు, నా గంజి చీర వంకా చూశారు. లోపల జ్వరపడి లేచి, నోరు చవి చచ్చి, ఏదీ సయించక పడుకున్న బాబాయిగారికి పట్టుకెళ్ళి పెట్టారు. ఆయన గిన్నె వంచుకుని అడుగున నీళ్ళు కూడా తాగేసి, మా అమ్మ చేతి తరవాణి తాగి ఎన్నేళ్ళయిందోయ్ అన్నారట. మర్నాటి నుంచి గట్టుమీదకి కూర రావడం, గట్టుమీదనుంచి తరవాణి వెళ్ళడం మాకు అలవాటైపోయింది. గిన్నె ఒక్కసారీ ఖాళీగా దాటలేదు. పనిమనిషి ఆ ఇంట్లోనే ఉంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఓ పొద్దున నాన్నగారు వచ్చారు. చెప్పాపెట్టకుండా, మొదటి పంటు మీద రేవు దాటి, బస్సు పట్టుకుని వచ్చేశారు. కాకినాడలో పనుందన్నారు. ఏం పనో నేనడగలేదు, ఆయన చెప్పలేదు. అమ్మ సున్నుండలు పెట్టి పంపిన స్టీలు డబ్బా గూట్లో పెట్టి, మంచంమీద కూర్చుని గదంతా కలియచూశారు. పొడిగా ఉన్న స్టవ్ చూశారు. తుడిచి బోర్లించిన కాఫీ ఫిల్టరు చూశారు. అంతదూరం నుంచి వచ్చిన మనిషికి, అందులోనూ మా నాన్నగారికి, కాఫీ ఇవ్వలేకపోవడమంటే ఏంటో మీకు వేరే చెప్పక్కర్లేదు. పిన్నిగారి దగ్గర గ్లాసుడు పాలు తెద్దామని గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. ఆయన ముందు చెయ్యి చాపితే ఓడిపోయినట్టే. వెనక్కి వచ్చి, కంచం కడిగి, కుండ మూత తీశాను.

నేను వడ్డిస్తూండగానే పిన్నిగారు కూర గిన్నె పట్టుకుని వచ్చారు.

“అన్నయ్యగారూ, బాగున్నారాండీ? మీ అమ్మాయి తరవాణి లేనిదే మా ఆయనకి పొద్దు పొడవట్లేదండీ” అనేసి, నిన్నటి గిన్నె తరవాణితో నింపించుకుని వెళ్ళిపోయారు.

తరవాణి అంటే ఏంటో, ఏ ఇంట్లో ఎందుకు పెడతారో తెలియని మనిషి కాదు ఆయన. పాలు లేవు, టిఫిను లేదు, పొయ్యి వెలగలేదు, అన్నీ ఆ కంచంలో ఆయనకు కనపడుతూనే ఉన్నాయి. అంతా తిన్నారు. మళ్ళీ కంచం జరిపారు, మళ్ళీ వేశాను. చెయ్యి కడుక్కుని, జేబులోంచి నోట్లు తీసి గూట్లో పెట్టబోయారు.

“ఖర్చులకుంచు.”

ఆ ఉదయం స్టవ్‌లో నూనె వత్తులకందనంత అడుక్కి పోయిందని నాకు తెలుసు. సాయంత్రం అన్నం ఎలా వండాలో తెలియదు. ఆ నోట్ల వంక చూడకుండా ఉండటానికి గోడకున్న క్యాలెండరు వంక చూశాను.

“వద్దు నాన్నా, సరిపోతోంది.”

“జీతం ఎప్పుడొస్తుంది?”

“వచ్చినప్పుడు.”

ఆయన నోట్లు అలాగే పట్టుకుని నా వంక చూశారు. కోపమో, నవ్వో, ఇంకోటో నాకప్పుడు తెలియలేదు.

“నన్ను అడగలేదుగా నువ్వు?”

“లేదు.”

“మరింకేం. ఉండు” అని నోట్లు జేబులో పెట్టేసుకుని లేచారు.

నాకు ఏడుపొచ్చింది. అంతకుముందు నెలలన్నీ రానిది అప్పుడొచ్చింది. అది కనపడకుండా సున్నుండలు నా గిన్నెలోకి మార్చి, డబ్బా కడిగి, తుడిచి ఆయన చేతికిచ్చాను. ఆయన మూత తీసి చూసి, ఖాళీ డబ్బా పట్టుకెళ్తే మీ అమ్మ ఊరుకుంటుందేంటే అన్నారు. నాకు నవ్వొచ్చింది. కుండలో తరవాణి తేట వంచి డబ్బా నిండా పోసి, మూత బిగించి, పాతగుడ్డ చుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని, పంటుమీద రెండు చేతులతో పట్టుకుని, చుక్క ఒలకకుండా ఇంటికి చేర్చారని తర్వాత అమ్మ చెప్పింది. ఆ నీళ్ళు తోడుగా వేసి మళ్ళీ మా ఇంట్లో కుండ పెట్టించారట. ఆడపిల్లలు పుట్టింటినుంచి పట్టుకెళ్తారు గానీ మా పిల్ల పుట్టింటికి కుండ పంపిందని అమ్మ ఊరంతా చెప్పుకుంది. ఇక ఆ సాయంత్రం సంగతంటారా, పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, రాలిన కొబ్బరి మట్టలు ఏరుకొచ్చి అన్నం వండాను. అంతకుముందే ఆ ఆలోచన రానందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

వానలు మొదలయ్యాక జీతం వచ్చింది, అంతా కలిపి. ఆ సాయంత్రం రిక్షా ఎక్కి, పాలు, కాఫీపొడి, పంచదార కొనుక్కుని వచ్చి, పిన్నిగారికి, బాబాయిగారికి, పనిమనిషికి, నాకు కాఫీ పెట్టాను. ఆ మొదటి గుటక గురించి రాయడానికి నాకు భాష చాలదు. ఆ కష్టం నాకు జీవితాంతం పొదుపు నేర్పిందని చెబితే బాగుంటుంది కానీ నిజం కాదు. చేతిలో ఉన్నప్పుడల్లా హాయిగా ఖర్చుపెట్టాను. అలాంటి అంచు చీర కూడా కొనుక్కున్నాను. తరవాణి జోలికి మళ్ళీ చాలా ఏళ్ళు పోలేదు. మిగిలిందల్లా ఒక్క ధైర్యం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరు ఏ రకంగా బెదిరించినా, కుండలో పుల్లనీళ్ళుంటే చాలు నాకు, అనుకునేదాన్ని. రిటైరయ్యేదాకా ఆ ధైర్యం అలాగే ఉంది.

జీతం వచ్చాక దొరికిన సెలవులకి కాకినాడ కాజాలు పట్టుకుని మా ఊరెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ అదే స్టీలు డబ్బాలో జంతికలు పోసిచ్చింది. నేను మళ్ళీ కాజాలు పోసి పంపాను. ఆ డబ్బా మా ఇద్దరి మధ్యా అలా తిరుగుతూనే ఉంది. నా పెళ్ళయింది, బదిలీలయ్యాయి, రేవు మీద వంతెన వచ్చింది, నాన్నగారు పోయారు. డబ్బా తిరుగుతూనే ఉంది. దాని మూత సొట్టలు పడి, నా గోరుకీ అమ్మ గోరుకీ తప్ప ఇంకెవరికీ ఊడి వచ్చేది కాదు.

హోటల్లో మిగిలిన చద్దన్నాన్ని మా మేనకోడలు ప్లాస్టిక్ డబ్బాలో కట్టించి నా చేతికిచ్చింది. ఇంటికొచ్చి ఆ డబ్బా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు సున్నుండలు వేసి ఇచ్చాను. ఇదెందుకత్తయ్యా, పారేసేదేగా అని, ఉండలు నోట్లో వేసుకుని డబ్బా చెత్తబుట్టలో పడేసింది. పిల్ల తప్పేం లేదు. ఇప్పుడు ఇంటికొచ్చే కూరలన్నీ పారేసే డబ్బాల్లోనే వస్తున్నాయి. ఎవరి గిన్నె ఎవరి మంచం కిందా ఉండిపోదు, ఎవరూ ఎవరికీ ఏదీ తిరిగివ్వక్కర్లేదు. సుఖమే.

అమ్మ ఆఖరిసారి ఆ స్టీలు డబ్బాలో గుమ్మడి వడియాలు పోసి పంపింది. అవి అయిపోయేలోపల అమ్మ వెళ్ళిపోయింది. డబ్బా నా దగ్గర ఉండిపోయింది. అరమీద కనపడేలా పెట్టుకున్నాను. పండగొస్తే ఏదో ఒక పిండివంట, లేకపోతే గుప్పెడు బియ్యం, అదీ లేకపోతే చిటికెడు పంచదార, ఏదో ఒకటి వేసే ఉంచుతాను. తిరిగివ్వాల్సిన డబ్బా కదా, ఖాళీగా ఉంచలేను.